పోపు లేని చారు

నా భార్యకు మూడో నెల. నీళ్ళు తాగినా కక్కేస్తోంది. సాయంత్రంలోగా ఏదో ఒకటి కడుపులో నిలవకపోతే మళ్ళీ సెలైన్ ఎక్కించాల్సిందేనని డాక్టరమ్మ తేల్చేసింది. వేవిళ్ళు అందరికీ ఉండేవేనని బంధువులు ఫోన్లో ఎంత తేలిగ్గా అనేవారో! వాళ్ళదేం పోయింది? గాజులు మోచేతి దాకా జారిపోతున్న మనిషిని రోజూ చూసేది నేను.

అన్నిటికన్నా ఆవిడకు పోపు వాసన పడేది కాదు. పోపు లేకుండా వండటం మా ఇంటా వంటా లేదాయె. మాదాపూర్‌లో మా ఆఫీసుకు శిక్షణ కోసం వియత్నాం నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. నా మొహం చూసి సంగతి అడిగి, వాళ్ళింట్లో చేసుకునే టమాటా గుడ్డు చారు చెప్పాడు. టమాటాలు మగ్గించి నీళ్ళు పోయాలి. మరిగాక మంట తగ్గించి, గిలక్కొట్టిన గుడ్డును సన్నటి ధారగా వదలాలి. వాళ్ళు చేపల రసమేదో వేస్తారట, మాకు ఉప్పు చాలన్నాడు.

డాక్టరమ్మ గడువు పెట్టిన ఆ శనివారం హఫీజ్‌పేట్‌లో మేం అద్దెకున్న వాటాలో నేనే పొయ్యి ముందు నిలబడ్డాను. గుడ్డు లేత పసుపు రేకుల్లా విచ్చుకుంటే ఎంత పొంగిపోయానో! గిన్నె దించుతుండగా ముందింట్లో ఉండే ఓనరమ్మ వచ్చింది.

"ఏంది బిడ్డా, గిట్ల చప్పగుంటె నోటికెట్ల పోతది? జర జరుగు."

వద్దండీ, వద్దండీ అంటూనే ఉన్నాను. గరిటెలో నూనె కాగింది, ఆవిడ ఎల్లిగడ్డ అనే వెల్లుల్లి వేగింది, చుయ్‌మని చారులో పడింది. పక్క గదిలోంచి వాంతి చప్పుడు వినపడింది.

"అయ్యో తల్లీ, నాకేం ఎరుక!" అంటూ ఆవిడే ముందు పరిగెత్తి, మా ఆవిడ వీపు నిమురుతూ కూర్చుంది. ఆమెనేమని తిట్టను? కోపమంతా దిగమింగుకుని కిటికీలు తెరిచాను. కాసేపటికి తన కోళ్ళు పెట్టిన రెండు గుడ్లు తెచ్చి, పొయ్యి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మళ్ళీ వండాను. ఇంట్లో ఎల్లిగడ్డ వాసన పోకపోవడంతో మా ఆవిడను నెమ్మదిగా డాబా మీదికి నడిపించి, అక్కడ తాగించాను. గిన్నెడూ తాగింది! పావుగంటైంది, అరగంటైంది. నిలిచినట్టేననుకుని, ఆగలేక పిట్టగోడ మీంచి వంగి, "తాగిందండీ!" అని ఓనరమ్మకు కేకేశాను.

వెనక్కి తిరిగేసరికి మొత్తం కక్కేసింది. నా చొక్కా పట్టుకుని, "నేను కావాలని చేయట్లేదండీ" అని ఏడ్చింది. అలా అంటుందనుకోలేదు. చేతకానివాడిలా ఆవిడ కొంగుతోనే మూతి తుడుస్తూ నిలబడ్డాను.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. నర్సు నరం దొరక్క రెండు చేతులూ పొడిచింది. మా ఆవిడ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"లోపల నిలవలేదు గానీ, తాగుతున్నప్పుడు హాయిగా ఉందండీ. రేపు మళ్ళీ పెడతారా?"

పెడతానన్నాను. అంతకుమించి నా చేతిలో ఏముంది?