రాయని ఇప్పచెట్లు

పదకొండేళ్లుగా ఒక మాట గొంతులో ముల్లులా ఉంది. చర్చిలో మోకాళ్ల మీద కూర్చున్నా బయటికి రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను గోదావరిఖని బొగ్గుగనుల్లో, సర్వే విభాగంలో టెంపరరీ మనిషిని. ఓపెన్‌కాస్టు గనిలో, బొగ్గు కోసం పైనుంచి తవ్వి తీసిన మట్టిని ఎక్కడ పొయ్యాలో చూడటానికి ఒక ఊరి పక్క పోరంబోకుకు వెళ్లాం. అక్కడి చెట్లను లెక్కపెట్టి సర్వే కాగితాల్లో రాయడం నా పని. ఊరికి పనికొచ్చేవి ఉంటే మట్టి పోసే హద్దు వెనక్కి జరపాలి.

ముప్పైకి పైగా ఇప్పచెట్లున్నాయి. ఎండాకాలం మొదలు కదా, ఆకు రాలి ఎండినట్టు కనిపిస్తున్నాయి, కింద నేలంతా నల్లటి బూడిద. పువ్వు రాలే ముందు, ఏరుకోవడానికి వీలుగా, ఆడవాళ్లు చెట్టు కింది ఆకులు ఊడ్చి కాలబెడతారు. తెలియనివాడికి అది తగలబడిన బీడే. జీపులో కూర్చున్న మా సర్వే సారు అదే అన్నాడు. ఆయనకు తెలియదు. నాకు తెలుసు. మా అమ్మ అలాంటి చెట్ల కింద ఊడుస్తుంటే పక్కన ఆడుకుంటూ పెరిగినవాణ్ని. అయినా ‘కాలిన బీడు, చెట్లు లేవు’ అని రాశాను. కాదంటే పని పోతుందని భయమా? ఎండలో ఒక్కో చెట్టునూ కొలవడానికి బద్ధకమా? రెండూనేమో. ఇన్నేళ్లూ భయం పేరే చెప్పుకున్నాను, అది కొంచెం గౌరవంగా ఉంటుందని.

ఆ ఊళ్లో ఓదెమ్మవ్వ బతుకంతా ఆ చెట్ల మీదే. పువ్వు, గింజ, మేకలకు నీడ. మా చెట్లు రాసినవా అని ఆమె అడిగితే, రాశానన్నాను. ఆ మాట నమ్మి ఊరు ఊరుకుంది. మరుసటేడు మట్టి వచ్చి పడింది. ఇప్పుడక్కడ గుట్ట ఉంది. వాన పడితే దాని మట్టి జారి కింది పొలాల్లో మేట వేస్తుంది. పైన నాటిన మొక్కలతో పచ్చగానే ఉంటుంది గానీ మేక ముట్టదు.

చెట్లు పోయాక ఓదెమ్మవ్వ మా ఇంటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. కొంగున కట్టుకొచ్చిన ఆఖరి ఎండు ఇప్పపువ్వు నా భార్య చేతిలో పోసి, నా తల నిమిరింది.

“ఎందుకు రంది పడుతవ్ బిడ్డా? నువ్వైతే రాసినవ్. పైనోళ్లు ఇనకపోతే నువ్వేం జేస్తవ్?”

“అవునవ్వా,” అన్నాను.

ఆ ‘అవును’ ఉంది చూశారా, మొదటి అబద్ధం కంటే అదే పెద్దది. ఆమె చెయ్యి ఎంత మెత్తగా ఉందో. నాది కాని ప్రేమను తీసుకున్నాను. తర్వాత పర్మనెంటయ్యాను. ఆమె మేకలు అమ్ముకుని కూలికి పోయింది. పోయినేడు కన్నుమూసింది. చివరిదాకా నన్ను మంచోడనే చెప్పుకుందట.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు ఆమెది, ఆమె లేదు. ఒక్కసారైనా ఉన్నదున్నట్టు చెప్పాలి, అంతే.

అవ్వా, పైవాళ్లు వినకపోవడం కాదు. నేను రాయలేదు.