దగ్గరున్న పిల్లలు

ఏడాదిలో నలభై తొమ్మిది వారాలు రేవిన్ పోహాటు తలలు లెక్కపెడుతుంది. నలభై కిలోమీటర్ల కంకర దారిలో బడి బస్సు నడపడం ఆమె పని. ఎదురుగా ఉన్న అద్దంలో ఇరవై మూడు తలలు కనబడితే తప్ప గేరు మార్చదు. ఒకటి తగ్గినా బండి ఆపి, వెనక్కి నడిచి, సీట్ల కింద చూసి వస్తుంది. పిల్లలు ఆమెను వెక్కిరిస్తారు, పెద్దలు ఆమెను చూసి నిశ్చింతగా ఉంటారు.

మిగిలిన మూడు వారాలు జనవరివి, ఆ దేశంలో వేసవి సెలవులవి. అవి పారేరా తీరానివి. అక్కడ ఆమె ఎవరినీ లెక్కపెట్టదు.

నెలవంకలా వంగిన ఆ ఇసుక మీద పదకొండు బాచ్‌లున్నాయి. బాచ్ అంటే ఏమీ లేదు, రేకు కప్పు, చెక్క గోడలు, వాననీళ్ళ తొట్టి, సముద్రం వైపు ఒక వసారా. రేవిన్ వాళ్ళది దక్షిణం చివర. పాత రైలు పెట్టె పలకలతో ఆమె తాత కట్టాడు. గాలి తోలితే ఇప్పటికీ ఎటో బయల్దేరినట్టు మూలుగుతుంది. భర్త గ్రాయమ్‌కి అది గొర్రెల ఉన్ని కత్తిరించే కాలం కాబట్టి శనివారాలు మాత్రమే వస్తాడు. పిల్లలిద్దరూ, తొమ్మిదేళ్ళ జోడీ, అయిదేళ్ళ టానే, కారు దిగిన మరుక్షణం నుంచి తీరం పిల్లలైపోతారు.

అక్కడి రివాజే అంత. ఏ ఇంటి ముందు ఆకలేస్తే ఆ ఇంట్లో తింటారు. ఎక్కడ నిద్ర వస్తే అక్కడ పడుకుంటారు. ఏ తీగ మీద పొడి బట్ట దొరికితే అది తొడుక్కుంటారు. మూడో రోజుకి ఏ చొక్కా ఎవరిదో ఏ తల్లీ చెప్పలేదు.

మొదటి సాయంత్రం మాత్రం అందరినీ ఇసుకలో కూర్చోబెట్టి, ఉత్తరం చివర ఆకుపచ్చ కప్పు బాచ్‌లో ఉండే వెరా బీటీ ఒక మాట చెబుతుంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి, గొంతు గట్టిది. నేల చాలాసేపు ఊగితే చేతికందిన పిల్లల్ని పట్టుకుని కొండెక్కాలి. నీ పిల్లల కోసం వెతక్కూడదు. వాళ్ళని వాళ్ళ దగ్గరున్నవాళ్ళు తెస్తారు. తాతల కాలంలో ఒకసారి సముద్రం లేచినప్పుడు చనిపోయిన ముగ్గురూ వెతకడానికి వెనక్కి దిగినవాళ్ళే. ఆ మాట వింటూ పిల్లలు కాలివేళ్ళతో ఇసుక తవ్వుకుంటారు. రేవిన్ కూడా చిన్నప్పుడు అలాగే తవ్వింది.

ఆ ఏడు, రెండో మంగళవారం పొద్దున ఎనిమిదింటికి, రేవిన్ పొయ్యి మీద చిన్న అట్లు పోస్తోంది. బల్ల దగ్గర వెరా మనవలు, కవలలు, కోరీ, బ్రెట్. నాలుగేళ్ళవాళ్ళు. తెల్లారగానే తీరం ఆ చివర నుంచి ఈ చివరకి అట్టు వాసన పట్టుకుని వచ్చేశారు. జోడీ బయట తువాళ్ళు ఆరేస్తోంది. టానే రాత్రి వెరా ఇంట్లోనే నిద్రపోయాడు.

మొదట టీ కప్పులు కదిలాయి. కొక్కేలకు వేలాడుతూ, ఎవరో వేలితో తట్టినట్టు. తరవాత తొట్టిలో నీళ్ళు అటూ ఇటూ నడిచాయి. తరవాత నేల మెత్తబడింది. ఎగరలేదు, విరగలేదు. నిద్రలో ఒత్తిగిలుతున్న పెద్ద జంతువు వీపులా నెమ్మదిగా లేచింది, నెమ్మదిగా దిగింది. రేవిన్ పొయ్యి ఆర్పి, ఆగుతుందని చూసింది. ఆగలేదు. ఒక పాట మొదలుపెట్టి పూర్తి చేసేంత సేపు ఊగింది. కోరీ నవ్వుతున్నాడు. బ్రెట్ ఆమె ముఖం చూసి నవ్వు మానేశాడు.

ఊగడం నిలిచాక తీరంలో ఒక్క పక్షి అరుపు లేదు.

ఆమె కవలల చేతులు పట్టుకుని బయటికొచ్చింది. కొండ దారి ఇంటి వెనక ఎడమ పక్క మొదలవుతుంది. కుడి పక్క ఇసుక. ఇసుక మీద చూపు సాగినంత దూరం సాగితే, మధ్యలో వాగు, వాగు మీద రెండు పలకల వంతెన, దాని అవతల ఎక్కడో గోరంత ఆకుపచ్చ కప్పు. ఆ కప్పు కింద టానే ఉన్నాడు. ఉన్నాడో, లేచి ఎక్కడికైనా పోయాడో.

తన వేళ్ళు ఎప్పుడు విడిపోయాయో ఆమెకు తెలియదు. పరుగెత్తుతోందని మాత్రం, పాదాల కింద ఇసుక చల్లగా తగిలినప్పుడు తెలిసింది. పక్కింటి కంచె దాటింది. బోర్లించిన పడవ దాటబోతోంది. చెవుల్లో తన రక్తం చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మా," అంది జోడీ వెనక నుంచి. అరవలేదు. బళ్ళో టీచరుకి చెప్పినట్టు చెప్పింది. "వీళ్ళిద్దర్నీ నేను మొయ్యలేను."

రేవిన్ వెనక్కి తిరిగింది. తువాలు భుజాన వేసుకుని జోడీ ఒక కవలను చంకలో ఇరికించుకుంది. రెండోవాడు తల్లి పోయిన కోడిపిల్లలా రేవిన్ వైపే నడిచి వస్తున్నాడు, సముద్రం వైపు.

ఆమె వెనక్కి వచ్చింది. వాణ్ణి ఎత్తుకుంది. కొండెక్కింది. ఎక్కుతున్నంతసేపూ తన శరీరం రెండుగా చీలి, ఒక సగం ఇసుక మీదే పరుగెత్తుతున్నట్టు అనిపించింది.

గొర్రెలు మేసే గట్టు మీద అప్పటికే దక్షిణం వైపు వాళ్ళు పదిమంది దాకా చేరారు. అందరిలో పెద్దవాడు డెస్, రేవిన్ తాతకు స్నేహితుడు, చంకలో రేడియో పెట్టుకుని ఊపిరి కోసం వంగి నిలబడ్డాడు. ఆమె చంకలోవాణ్ణి గడ్డి మీద దించి, వాగు దాటడానికి ఇంకా వ్యవధి ఉందనీ, పోయి వచ్చేస్తాననీ అంది.

డెస్ ఆమె చేయి పట్టుకోలేదు. "దిగు," అన్నాడు. "నువ్వు దిగితే ఈ ముగ్గురూ నీ వెనకే దిగుతారు. పిల్లలు కొండ వెంట పోరు రేవిన్, అమ్మ వెంట పోతారు. ఆ పైన నీ ఇష్టం."

ఆమె కూర్చుంది.

అప్పుడు సముద్రం వెళ్ళిపోయింది. చప్పుడు లేకుండా, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళినట్టు. ఎన్నడూ వెలుతురు చూడని రాళ్ళు, నాచు జడలు, నోళ్ళు మూసుకున్న గవ్వల పాదులు ఎండలో తళతళలాడాయి. లంగరు వేసిన పడవలు ఒకటొకటిగా పక్కకి ఒరిగి పడుకున్నాయి. కోరీ చేపలు చూపించి దిగుదామన్నాడు.

తిరిగి వచ్చినప్పుడు అది కెరటంలా లేదు. బకెట్ నిండినట్టు నిండింది. గోధుమ రంగు నీరు, చిక్కగా, తొందర లేకుండా. వాగులోకి పొర్లి వంతెన పలకల్ని అగ్గిపుల్లల్లా ఎత్తుకుంది. బాచ్‌ల కింద దూరింది. రేవిన్ తాత కట్టిన వసారా కాసేపు ఆలోచించి, విడిపోయి, తేలింది. ఆమె దాన్ని చూడలేదు. ఆకుపచ్చ కప్పునే చూస్తోంది. ఆ కప్పు కింద కిటికీలు నీళ్ళలో మునిగాయి.

అవతల ఉత్తరపు గట్టు మీద చుక్కలున్నాయి. కదిలే చుక్కలు. ఎండ నీటి మీద పడి కళ్ళలోకి గుచ్చుతోంది. ఆమె అరచేయి అడ్డు పెట్టి లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్ళీ పెట్టింది, పన్నెండు. మూడోసారి ఎనిమిది. అందులో ఎన్ని గొర్రెలో తెలియలేదు. ఇన్నేళ్ళు పిల్లల తలలు లెక్కపెట్టిన మనిషి గొర్రెలకీ పిల్లలకీ తేడా చెప్పలేక గడ్డి పిడికిళ్ళతో పీకుతోంది.

ఒక ఆలోచన వచ్చింది. తను అటు చూసినట్టే అటు నుంచి వెరా ఇటు చూస్తూ ఉంటుంది. ఆమె కోరీని ఎత్తి భుజం మీద నిలబెట్టింది. దించి బ్రెట్‌ని ఎత్తబోయి ఆగింది. ఇద్దరూ ఒకటే పోలిక, ఒకడినే రెండుసార్లు ఎత్తిందనుకుంటుంది. ఇద్దర్నీ ఒకేసారి, ఒక్కో చేత ఒక్కొక్కర్ని, చేతులు వణికేదాకా పైకెత్తి పట్టుకుంది. అవతలి గట్టు మీద ఒక చుక్క హఠాత్తుగా కూలబడి పొట్టిదైంది.

"చూసింది," అన్నాడు డెస్.

ఇక వాళ్ళూ ఎత్తాలి కదా. రేవిన్ ఎదురుచూసింది. ఎవరూ ఎవరినీ ఎత్తలేదు. ఎత్తడానికి పిల్లవాడు ఉంటే ఎత్తరా. చాలాసేపటికి ఒక చుక్క ఇంకో చిన్న చుక్కని పైకి లేపింది. పసుపు రంగు.

"అది టానే చొక్కానే," అంది జోడీ.

రేవిన్ తలాడించింది. చొక్కా టానేదే. కానీ నిన్న సాయంత్రం అదే చొక్కాని అయిదో బాచ్ పిల్ల ఒంటి మీద చూసింది. జోడీకి ఆ మాట చెప్పలేదు. నవ్వుతున్న కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఆ పసుపు చుక్కని మింగేసేలా చూస్తూ కూర్చుంది.

నీళ్ళు ఇంకో మూడుసార్లు వెళ్ళి వచ్చాయి. రేడియో పైనే ఉండమంది. డెస్ తన కోటు కవలలకి కప్పాడు. రేవిన్ ఏడవలేదు, ప్రార్థించలేదు. టానే పొద్దున ఎన్నింటికి లేస్తాడో, లేచాక చెప్పులేసుకోకుండా ఎటు పోతాడో, ఇసుకలో గవ్వలు ఏ వైపు ఏరుకుంటాడో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. ప్రతి జ్ఞాపకం చివరా నీళ్ళున్నాయి.

మధ్యాహ్నం మూడు దాటాక డెస్ దిగవచ్చన్నాడు. వాగు దగ్గరికి ఇటువాళ్ళు ఇటు నుంచి, అటువాళ్ళు అటు నుంచి చేరారు. తొడల దాకా బురద నీరు. అవతల పసుపు చొక్కాలో ఉన్నది అయిదో బాచ్ పిల్ల. రేవిన్ అది చూసి నీళ్ళలోకి దిగేసింది.

వెరా అందరి వెనకాల వస్తోంది, నెమ్మదిగా, వీపు మీద బరువుతో. మోకాళ్ళ కిందికి వేలాడే మగవాళ్ళ ఉన్ని చొక్కాలో, ఆమె మెడలో ముఖం దాచుకుని, టానే.

వాడు తల్లిని చూసి ఏడవలేదు. చెవిలో రహస్యం చెప్పాడు. కొండెక్కేటప్పుడు ఒంటికి పోసేసుకుని ప్యాంటు తడిసిపోయింది, వెరా ఆంటీ పైకెత్తుతానంటే అందరూ చూస్తారని తను ఒద్దన్నాడు. రేవిన్ ఆ తడి వాసన గుండెల నిండా పీల్చింది.

కవలలు నాయనమ్మ కాళ్ళకి చుట్టుకున్నారు. ఆమె వాళ్ళని వంగి ముద్దు పెట్టుకోలేదు. రేవిన్ కేసి సూటిగా చూస్తోంది.

"నీకొకటి చెప్పాలి," అంది వెరా. "చెప్పకపోతే నాకు అన్నం సయించదు. నేల ఆగగానే నీ కొడుకుని మెట్ల మీద వదిలేశాను. ఇక్కడే కూర్చో నాన్నా అని చెప్పి మరీ వదిలేశాను. మీ ఇంటి వైపు పరుగెత్తాను, వీళ్ళ కోసం. నలభై ఏళ్ళుగా పిల్లలందరికీ చెయ్యొద్దని నేను చెప్పిన పనే అది."

రేవిన్ చేతులు టానే చుట్టూ బిగుసుకున్నాయి. అయిదేళ్ళవాడు, మెట్ల మీద, ఒంటరిగా, బుద్ధిగా కూర్చుని, వెళ్ళిపోతున్న సముద్రాన్ని చూస్తూ. ఆ మాట అనేయడానికి నోరు తెరిచింది. జోడీ కళ్ళు తన ముఖం మీద ఉన్నాయని అప్పుడు తెలిసింది. తువాలు ఇంకా భుజానే ఉంది. ఊరికే చూస్తోంది, అమ్మ ఏమంటుందో విందామని.

"ఎంత దూరం పోయావు ఆంటీ?" అంది రేవిన్.

"బట్టలారేసే కొయ్య దాకా."

"నేను పడవ దాకా పోయాను."

వెరా పెదవులు కదిలాయి. "బోర్లించి ఉందే, ఆ పడవా?"

"అవును."

"అది ఇంకా దూరం."

"దూరమే," అంది రేవిన్. "నిన్ను ఎవరు ఆపారు?"

"ఎవరూ ఆపలేదు. వెనక్కి చూశాను. కూర్చోమన్న చోటే కూర్చున్నాడు, చేతులు కట్టుకుని."

బురదలో ఎవరివో రబ్బరు చెప్పులు ఒకటొకటే కొట్టుకొస్తున్నాయి. జోడీ తువాలు తీసి, టానే కాళ్ళకి చుట్టి, అవతలివాళ్ళకి కనబడకుండా ముడి వేసింది.