బావ కోసేసిన పేజీ

మా బావ ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేశాడు. రిటైరయ్యాక వాచ్‌మన్ల కోసం ఒక పుస్తకం రాశాడు. ఒకచోట లిఫ్టు ఆగిపోయి ముసలాయన నాలుగు గంటలు లోపలే ఉండిపోతే, వాచ్‌మన్ ఏం చెయ్యాలో తెలియక బయట తలుపు బాదుతూ నిలబడ్డాడట. ఆ సంగతి బావ మనసులోంచి పోలేదు.

ప్రూఫులు దిద్దింది నేనే. తలుపు బయటినుంచి తెరిచే విధానం నలభై మూడో పేజీలో ఉంది. పుస్తకం మొత్తంలో అంత తేటగా రాసిన పేజీ మరొకటి లేదని మెచ్చుకున్నది కూడా నేనే.

మూడు వందల కాపీలు అట్టలు వేసుకుని ఇంటికొచ్చాయి. మా అక్క ఒకటి పట్టుకుని వరండాలో కూర్చుంది. కాసేపటికి చూస్తే కుర్చీలో పుస్తకం ఉంది, అక్క లేదు. తెరిచి ఉన్న పేజీ చూసి బావ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

లిఫ్టు కింద ఎక్కడో ఉంది. మా మూడో అంతస్తులో దాని తలుపు బార్లా తెరిచి ఉంది. చేతిలో అట్లకాడతో అంచున నిలబడి అక్క ఆ చీకట్లోకి తొంగి చూస్తోంది. బావ ఆమె జబ్బ పట్టుకుని ఇవతలికి లాగాడు.

"ఒక్కసారి చదివానండీ, ఇట్టే వచ్చేసింది! మీరింత బాగా రాస్తారనుకోలేదు."

"ముందు లిఫ్టు ఎక్కడుందో చూడమని పైనే రాశానుగదే!"

"చదివాను. తలుపు వస్తుందా రాదా అన్న ధ్యాసలో మరిచేపోయాను."

బావ నేరుగా ఇంట్లోకి వచ్చాడు. బ్లేడు తీసుకుని పుస్తకాల ముందు కూర్చున్నాడు. విషయం తెలిసి ప్రెస్సు ఆయన వచ్చి మొత్తుకున్నాడు.

"మేస్త్రీగారూ, అసలు పేజీయే కోసేస్తే ఇంకేం మిగిలిందండీ? మీరు కాకపోతే ఇంకొకడు రాస్తాడు."

"రాయనీండి. వాడి రాతకి వాడు జవాబు చెప్పుకుంటాడు. ఇది నా రాత."

"మరి లోపల ఇరుక్కున్నవాళ్ల సంగతేమిటి బావా?" అన్నాను.

బ్లేడు ఆగింది. కలం తీసి, నలభై రెండో పేజీ అడుగున రాశాడు: "ఇది చదివి చేసే పని కాదు. కబురు పెట్టండి, వచ్చి చేయించి చూపిస్తాను." కింద అడ్రసు. మూడు వందల కాపీల్లోనూ అలాగే రాశాడు. కోసేసిన ఆకు వెనకవైపు తన పనివాళ్లతో దిగిన ఫొటో ఉంది. అదీ పోయింది.

"ఆ మోకాళ్లతో ఊరంతా తిరుగుతారా?" అంది అక్క.

"లిఫ్టున్న ఇళ్లకేగదే వెళ్లేది!"

రెండేళ్లుగా తిరుగుతున్నాడు. సంచీ మోసేది నేను. మొన్న ఒక వాచ్‌మన్ నాలుగోసారి సరిగ్గా చేసి, "ఇంత సులువా సార్! రాసిపెట్టుకుంటాను" అని కాగితం తీశాడు. బావ ఆ కాగితాన్ని మడిచి అతని జేబులోనే పెట్టేశాడు.

"రాయకు. మళ్లీ చెయ్యి. ముందు లిఫ్టెక్కడుందో చెప్పు."