తనంతట తానే ఎర్రబడిన సీటు

2007లో ఖమ్మం బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకుని, అడిగినవాళ్లకల్లా వెబ్‌సైట్లు చేసిపెట్టేవాణ్ణి. మాది కిరాణాకొట్టు ఇల్లు. బేరమాడకుండా మంచినీళ్లు కూడా తాగను.

ఒక ప్రైవేటు ట్రావెల్స్ యజమానికి సీట్ల బుకింగ్ చేసిచ్చాను. ఖమ్మంలో ఒక కౌంటరు, మణుగూరులో ఒకటి. రెండింటికీ హైదరాబాదు బస్సు ఒక్కటే. ఖాళీ సీటు ఆకుపచ్చ, అమ్మింది ఎరుపు. చిక్కల్లా, ఖమ్మంలో సీటు అమ్ముడైనా మణుగూరు తెరమీద పచ్చగానే ఉండేది, పేజీని మళ్లీ తెరిస్తే తప్ప. అదే సీటు రెండోసారి అమ్మబోతే సర్వర్ ఆపేది, నిజమే. కానీ ఆలోపు మణుగూరు కౌంటర్లో సుజాతక్క "కిటికీ సీటుంది" అని మాటిచ్చేసేది. తర్వాత లేదంటే ఎవరూరుకుంటారు? రోజూ గొడవలే. ఆ కౌంటరు ఎత్తేస్తానన్నాడు యజమాని. పోయేది సుజాతక్క ఉద్యోగం.

అమ్మేముందు పేజీని మళ్లీ తెరిచే F5 మీట నొక్కమని సుజాతక్కకి చెప్పాను, అదేదో నేనిచ్చిన సదుపాయమన్నట్టు.

"నొక్కీ నొక్కీ దానిమీద అచ్చరం పోయింది తమ్మీ. ఇంకేం నొక్కాలె?" అంది.

పోలింగ్ పెట్టాను. అంటే, ఏమన్నా మారిందా అని పేజీయే కొన్ని సెకన్లకోసారి సర్వర్‌ని అడగడం. మణుగూరు నెట్ లైను అసలే అంతంతమాత్రం. ఈ అడగడాలతోనే నిండిపోయి టికెట్టు కదల్లేదు.

ఆదివారం మా కొట్లో కూర్చున్నాను. ఏన్కూరు నుంచి వచ్చిన ఒకాయన, బెల్లం లోడు వచ్చిందా అని మాటిమాటికీ లోపలికొచ్చి అడుగుతున్నాడు. నాన్న ఆయన్ని బల్లమీద కూర్చోబెట్టి, "రాంగనే నేనే చెప్త, నువ్వు అడగకు" అన్నాడు. నేను తూకం వదిలేసి గదికి ఉరికాను.

నాన్న చెప్పిన ఈ పద్ధతినే కంప్యూటర్లలో లాంగ్ పోలింగ్ అంటారు. పేజీ ఒక్కసారి అడుగుతుంది. సర్వర్ వెంటనే జవాబివ్వకుండా పట్టి ఉంచి, సీటు మారినప్పుడే చెబుతుంది. చాలాసేపు ఏమీ మారకపోతే పేజీ మళ్లీ ఒకసారి అడిగి కూర్చుంటుంది.

అది పెట్టాక, మణుగూరులో యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, ఖమ్మం కౌంటరు యాదగిరికి ఫోన్ చేశాను. ఏదో ఒక సీటు అమ్మమన్నాను. మా తెరమీద మూడో వరస కిటికీ సీటు ఎర్రబడింది.

సుజాతక్క రెండు చేతులూ పైకెత్తింది. "నేను ముట్టలే సారూ."

తర్వాత ఆమె ఒకటి అమ్మితే, అవతల యాదగిరి నవ్వు ఫోన్లోంచి మా ముగ్గురికీ వినపడింది. అన్నాళ్లూ తిట్టుకున్న ఇద్దరూ పిల్లల్లా సీట్లు ఎర్రబరుస్తూ కూర్చున్నారు. యజమాని కూడా మౌసు గుంజుకున్నాడు. అన్నిటినీ మళ్లీ ఖాళీ చేసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"మరి కౌంటర్ ఎత్తేస్తరా సారూ?" అని అడిగింది సుజాతక్క.

"ఎత్తేసి ఏం చేస్త? ఇంకో కుర్చీ తెప్పియ్యి," అన్నాడాయన.

ఈ పనికి అదనంగా ఎంత అడగాలో దారంతా లెక్క కట్టుకుంటూ వచ్చినవాణ్ణి, ఆ నవ్వుల్లో నోరు తెరవలేకపోయాను. నేర్చుకున్నది మాత్రం మిగిలింది. ఇప్పుడు ఏ పని ఒప్పుకున్నా, కబురు ఎక్కడ పుడుతుందో, దానికోసం ఎవరు ఎదురుచూస్తున్నారో ముందు అడుగుతాను. చెప్పే బాధ్యత ఆ కబురు పుట్టినచోటే పెడతాను. అవతల కూర్చున్నవాళ్లు వాళ్ల పని చేసుకుంటారు.