అడవిని ఊడ్చే బాలలక్ష్మి

మెదక్ పట్నం అంచున ఉన్న అడవి గేటుకు రెండేళ్ల కిందట ఒక కాగితం అంటించారు. అందులో ఒకే పేరు: బాలలక్ష్మి. లోపలికి రానివ్వొద్దట. అంతకుముందు ఎక్కడో ఆకులు అంటుకుంటే, ఆకులు కుప్ప చేస్తూ కనబడింది ఆమే కాబట్టి నిప్పు పెట్టిందీ ఆమేనన్నారు. సాక్ష్యం ఎవరూ అడగలేదు, నాతో సహా. పొద్దున నడకకు వచ్చే మేమంతా ఆ కాగితం చదువుకుంటూనే లోపలికి పోయేవాళ్లం.

ఆమె బతుకంతా ఆ అడవే. మోదుగాకు తెచ్చి విస్తర్లు కుడుతుంది. సీతాఫలాలు తెంపి బస్టాండు దగ్గర అమ్ముతుంది. అందుకే ఏటా శివరాత్రి ముందు సీతాఫలం చెట్ల చుట్టూ నాలుగు మూరల వెడల్పున ఎండుటాకు ఊడుస్తుంది, నిప్పుకు దారి దొరకొద్దని. అత్త నేర్పిన పని. కాగితం అంటించాక కూడా మానలేదు. గుట్ట వెనక నుంచి చుట్టూ తిరిగి లోపలికి పోయేది.

ఈ ఏడు కావలి రఘుపతికి దొరికింది.

"అడివిని ఎవరన్న ఊడుస్తరా అవ్వా? పిచ్చి లేసిందా?"

"మీ ఇల్లు ఊడ్వరా బిడ్డా? ఇది గంతే."

"మల్ల కనవడితే కేసైతది, చెప్తున్న."

చీపురు గుంజుకున్నాడు. ఆమె ఒట్టి చేతులతో ఇంటిదారి పట్టింది. అప్పటికి పని అయిపోయింది మరి.

మార్చిలో నడకదారి పక్కన గడ్డి అంటుకుంది. నడకకు వచ్చినవాళ్లలోనే ఎవరో సిగరెట్టు పారేశారు. గాలికి మంట గుట్ట వైపు ఉరికింది. పచ్చికొమ్మలతో కొడుతూ రఘుపతి, మేం నలుగురం వెంట పరుగెత్తాం. సీతాఫలం చెట్ల దగ్గర మంట తనంతట తానే అణిగిపోయింది. ఊడ్చిన నేల మీద దానికి తినడానికేం దొరకలేదు. అటు బూడిద, ఇటు నిలిచిన చెట్లు. అమ్మయ్య అని అక్కడే కూలబడ్డాం.

సాయంత్రం రఘుపతి ఆ చీపురు పట్టుకుని ఆమె ఇంటికి పోయాడు. నేనూ వెంట వెళ్లాను.

"అవ్వా, ఇంక యాడ యాడ ఊడ్వాలె? జర చూపెట్టు."

"కేసు పెట్టవా మల్ల?"

"పరేషాన్ జెయ్యకే. రేపు గుట్టెనక నుంచి గాదు, గేటు కాడికెల్లే రా."

ఆమె నవ్వింది. "నువ్వు గూడ ఒక చీపురు తెచ్చుకో. చూసుకుంట నిలవడితే ఊకోను."

మర్నాడు కాగితాన్ని రఘుపతే చింపేశాడు. కానీ అటవీశాఖ ఆఫీసు రికార్డులో ఆమె పేరు అట్లాగే ఉంది. కొత్త కావలి వస్తే మళ్లీ అంటిస్తాడు. ఆ పేరు కొట్టేయాలని అర్జీ రాశాం. ఆదివారం పొద్దున ఆరింటికి గేటు దగ్గరికి రండి, సంతకం పెట్టండి. చీపురు కూడా తెచ్చుకోండి. గుట్టకు తూర్పు వైపు ఇంకా ఊడ్వాల్సి ఉందని బాలలక్ష్మి చెప్పింది.