రాజు కూర్చోమన్నాడు

పొద్దున్నే పొయ్యి మీద నీళ్లు కాగేలోపు మా పెద్దమ్మ ఒక పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని రెండు పేజీలు చదువుకుంటుంది.

అది మత గ్రంథం. అందులో ఫారం అని పిలిచే పదహారు పేజీల మడత ఒకటి తిరగబడి ఉంది. ఇరవై రెండేళ్ల క్రితం ఆమె పనిచేసే బైండింగ్ షాపులో అలాంటివి మూడు వందల ప్రతులు తయారయ్యాయి. ఫారాల కట్టలను బల్ల మీద వరసగా పేర్చేది మేస్త్రీ. పెద్దమ్మ రోజంతా ఆ బల్ల చుట్టూ నడుస్తూ, చూడకుండానే ఒక్కో కట్ట నుంచి ఒక్కో ఫారం తీసి దొంతర చేసేది. ఆ రోజు మేస్త్రీ ఒక కట్టను తిప్పి పెట్టాడు. తప్పు బయటపడగానే అందరి ముందూ ఆమె మీదే విరుచుకుపడ్డాడు.

"కళ్లు నెత్తి మీద పెట్టుకుని చేస్తున్నావా అక్కా పని?"

"కట్ట పెట్టింది నువ్వే కదా తమ్ముడూ!"

యజమాని వినిపించుకోలేదు. ఆమెను జిగురు పూసే పనికి మార్చాడు. తలకిందులమ్మ అన్న పేరు మాత్రం ఆమెకు అంటుకుపోయింది.

పారేసే ప్రతుల్లోంచి ఒకటి ఇంటికి తెచ్చుకుంది, తప్పు తనది కాదని ఎప్పటికైనా చూపిద్దామని. చూసేవాళ్లెవరూ రాలేదు. ఎదురుచూసి విసిగిపోయాక ఆ తిరగబడ్డ పేజీలనే చదవడం మొదలుపెట్టింది. నింద పడ్డ ఒక కాపరి రాజు ముందు నిలబడే కథ అది.

"ఇవి ఎప్పుడో జరిగినవి కావే. చదివేవాళ్ల లోపల రోజూ జరిగేవే. కాపరీ, నింద వేసినవాడూ, రాజూ అందరూ ఇక్కడే ఉన్నారు," అని ఒకసారి గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పింది. కళ్లు మూసుకుని రోజూ ఆ సభకు వెళ్లొస్తుందట.

"మరి తీర్పేం చెప్పాడు పెద్దమ్మా?"

"తీర్పా? నా కాళ్లు చూశాడు. కూర్చోమన్నాడు. తప్పెవరిదో ఆయనకు ముందే తెలుసులే," అంది.

మొన్న మేస్త్రీ పని మానేసిన రోజు షాపులో అందరూ టీ తాగుతున్నారు. "తలకిందులమ్మకి కప్పు తిన్నగా పట్టుకోవడం నేర్పండ్రోయ్!" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఎప్పుడూ ఆ పేరు వింటే ముఖం మాడ్చుకునే పెద్దమ్మ, లోపలి గదిలోంచి కుర్చీ మోసుకొచ్చి ఆయన వెనక వేసింది.

"కూర్చో తమ్ముడూ. నువ్వూ ముప్పై ఏళ్లు నిలబడ్డావు."

ఆయన కూర్చున్నాడు. టీ చల్లారిపోయేదాకా కప్పులోకే చూస్తూ ఉండిపోయాడు.

పెద్దమ్మ ఇప్పటికీ జిగురు బల్ల దగ్గరే పనిచేస్తోంది. ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు.