డప్పుల కింద గొంతు

పొద్దున్నే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకుని, గోరువెచ్చని ఉప్పునీళ్ళు ఒక గ్లాసుడు పుక్కిలించి, మేడ ఎక్కి కేకలు వేయడం మా పక్కింటి బాబాయికి అలవాటు. ముందు కుక్కపిల్ల మూలిగినట్టు సన్నగా మొదలుపెట్టేవాడు. తరవాత నక్క, ఆ తరవాత గుర్రం సకిలింపు. గొంతు బాగా వేడెక్కాక తనకి పేరు తెచ్చిన కేక ఎత్తుకునేవాడు: "హుళక్కా హుళక్కా బుం." ఆ 'బుం' దగ్గర వీధిలో పిల్లలంతా గొంతు కలిపేవాళ్ళు. కొత్తగా అద్దెకి దిగినవాళ్ళు హడిలిపోతే, "ఏం లేదండీ, మా కేకల బాబాయి. పళ్ళు అయిపోయాయి, ఇప్పుడు గొంతు తోముకుంటున్నాడు" అని సర్దిచెప్పేవాళ్ళం.

ఆయన పని డబ్బింగు. పరాయి దేశాల సాహసాల సినిమాలకి మన మాటలు పెట్టే స్టూడియోలో పనిచేసేవాడు. చిన్నప్పుడు నాటకాల్లో తెర వెనక చెక్కముక్కలతో గుర్రపు డెక్కల చప్పుడు చేస్తూ బతుకు మొదలుపెట్టాడు. గొంతులో కాస్త జీర ఉండబట్టి హీరో మాటలు ఎప్పుడూ దక్కలేదు. దానికి బదులు ఆయనకి వేరే రాజ్యం దొరికింది. సినిమాలో హీరో నిధి కోసం పడవ వేసుకుని ఎక్కడికో పోతాడు. అక్కడ ఒంటికి రంగులు పూసుకున్నవాళ్ళు ఈటెలు పట్టుకుని చుట్టుముడతారు. ఆ గొంతులన్నీ బాబాయివే. స్టూడియోవాళ్ళిచ్చే కాగితాల్లో హీరో మాటలు పేజీలకి పేజీలు ఉండేవి. వాళ్ళ దగ్గరికొచ్చేసరికి 'అరుపులు' అని ఒక్క ముక్క. ఆ ముక్కలోంచి బాబాయి ఒక భాషనే పుట్టించాడు. ఇసుక దేశం కానీ, మంచు దేశం కానీ, సముద్రం మధ్య దీవి కానీ, అవతలివాడు హీరోలా తెల్లగా లేకపోతే చాలు, హుళక్కా బుం.

"అన్ని దేశాలకీ ఒకటే ఏంటి బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"అర్థం లేని మాటకి ఊరేంటే, పేరేంటే" అని నవ్వాడు.

మనిషి మాత్రం వెన్న. పిన్నికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయినప్పుడు, ఆమె జడ రోజూ తనే వేసేవాడు. అది వంకర పోయేది. "ఇవాళ్టి ఫ్యాషను ఇదే" అని అద్దం చూపించేవాడు. పిన్ని సగం మూతితోనే నవ్వేది. ఆమె మాట ముద్దగా అయిపోయి మా ఎవరికీ తెలిసేది కాదు. దాహమంటే దుప్పటి కప్పేవాళ్ళం.

అప్పుడు పిన్నిని చూసుకోడానికి వచ్చింది నర్సు, మేం నర్సమ్మ అనేవాళ్ళం. సముద్రాలు దాటి, పొట్ట చేత పట్టుకుని వచ్చిన పిల్ల. నల్లగా, పొడుగ్గా, నెమ్మదిగా ఉండేది. మన భాష పట్టుదలగా నేర్చుకుంది. పిన్ని ఒళ్ళు తుడిచేముందు తడిగుడ్డ తన చెంపకి ఆనించి వేడి చూసుకునేది. పిన్ని ముద్దమాట వారం తిరక్కుండానే దానికి తెలిసిపోయింది. "పిన్ని కిటికీ తియ్యమంటోంది" అనేది. తీస్తే, పిన్ని కళ్ళు మూసుకుని గాలి పీల్చుకునేది. దేవుడు కొందరి చేతుల్లో ఉంటాడని నాకు ఆ పిల్లని చూశాకే నమ్మకం కుదిరింది.

ఆమె వీధిలోకి రాగానే సెలూన్ ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు "హుళక్కా" అనేవాళ్ళు. ఆమె ఆగి, చేతులు జోడించి, "హుళక్కా అన్నా" అని నవ్వుతూ బదులు చెప్పేది. వాళ్ళు పొట్టలు పట్టుకునేవాళ్ళు. సరదా మనిషి, తమాషాకి తమాషా చెప్తుంది అనుకున్నాం అందరం. బాబాయైతే మురిసిపోయాడు కూడా. తన కేక ఆ పిల్లకీ నచ్చిందని.

ఒక సాయంత్రం బాబాయి గొంతిచ్చిన పెద్ద సినిమా టీవీలో వేశారు. వీధిలో సగంమంది ఆయన ముందు గదిలోనే చేరారు. సెలూనతను బెంచీ కూడా మోసుకొచ్చాడు. పిన్ని చూడాలని పట్టుబట్టిందని నర్సమ్మ ఆరోజు ఇంటికి పోకుండా ఉండిపోయి, చెంచాతో జావ పడుతూ కూర్చుంది.

హీరో పడవ దిగాడు. దారి చూపించడానికని హీరో మనుషులు ఒక గుడిసెలోంచి పిల్లాణ్ణి లాక్కుపోతున్నారు. ఒక ముసలామె గుండెలు బాదుకుంటూ అడ్డం పడింది. వెనక డప్పులు మోగుతున్నాయి. ఆమె నోరు తెరిచినప్పుడల్లా బాబాయి గొంతు: హుళక్కా, హుళక్కా. గదంతా నవ్వులే. బాబాయి టీవీ పక్కన నిలబడి, ఆమెతోపాటు గుండెలు బాదుకుంటూ అదే కేక మళ్ళీ వేశాడు. నవ్వలేక కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

నర్సమ్మ చేతిలో చెంచా పిన్ని పెదాల ముందు ఆగిపోయింది. పిన్ని నోరు తెరుచుకుని ఎదురు చూస్తోంది.

"ఏమ్మా నర్సమ్మా, మీవాళ్ళేనా?" అన్నాడు సెలూనతను.

"అవునన్నా" అంది ఆమె. చెంచా పిన్ని నోట్లో పెట్టి, మూతి తుడిచింది.

అది ఇంకా పెద్ద తమాషా అనుకుని మళ్ళీ నవ్వారు. బాబాయి ఒక్కడు నవ్వలేదు. పెదాలు చూసి గొంతు కలపడం ఆయన వృత్తి. ఎవరి పెదవి అదిరినా ఆయన కంటికి ముందు ఆనుతుంది.

అందరూ వెళ్ళాక నేను గ్లాసులు ఏరుతున్నాను. బాబాయి నర్సమ్మ ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"ఏం తల్లీ, ఏమైంది?"

"ఏం లేదు బాబాయ్."

"ఏం లేకపోతే చెంచా ఎందుకు ఆగింది?"

ఆమె పిన్ని దుప్పటి అంచు సర్దింది. "డప్పుల కింద ఆ అవ్వ గొంతు ఉంది బాబాయ్. చిన్నగా వినిపిస్తోంది. అది మా మాట. మా కొండల మాట."

మాటల ట్రాకు తీసేసినా, డప్పులతో కలిసిపోయిన గొంతులు మిగిలిపోతాయని బాబాయికి తెలుసు. ఎన్నో ఏళ్ళుగా తెలుసు. దాని మీదే ఆయన గట్టిగా అరిచేవాడు.

"ఏమంటోంది?"

"తీసుకుపోకండి, వాడికి జ్వరం అంటోంది. రాత్రంతా ఏమీ తినలేదు, నన్ను తీసుకుపోండి అంటోంది." దుప్పటి అంచు మళ్ళీ సర్దింది. "సినిమావాళ్ళు ఏడవమని చెప్పి ఉంటారు. ఏం చెప్పి ఏడవాలో చెప్పి ఉండరు. ఆమెకి ఏం గుర్తొచ్చిందో, అదే చెప్పి ఏడ్చింది."

బాబాయి తల ఎత్తలేదు. "మరి రోజూ పొద్దున నా కేక వింటావు కదమ్మా."

"మందు అనుకున్నాను. గొంతుకి మందులాంటిది."

"సెలూన్ దగ్గర వాళ్ళు అనేది?"

ఆమె దీనికి జవాబు చెప్పడానికి సిగ్గుపడింది. సిగ్గు పడాల్సింది ఆమె కాదు కదా, అయినా ఆమే పడింది. "ఇక్కడ అలా పలకరిస్తారనుకున్నా. దణ్ణం పెట్టినట్టు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మకి కూడా నేర్పాను."

పిన్ని తన బాగున్న చెయ్యి చాపి నర్సమ్మ మణికట్టు పట్టుకుంది.

"పోనీలెండి బాబాయ్" అంది ఆ పిల్ల, ఆయన్నే ఓదారుస్తున్నట్టు. "మా ఊళ్ళోనూ ఇలాంటి సినిమాలు ఆడతాయి. వాటిలో మీలాంటివాళ్ళు ఉంటారు. కళ్ళు గుండ్రంగా తిప్పుతూ కత్తి నాకుతుంటారు. మేమూ నవ్వాం. నేను ఇక్కడికి బయల్దేరితే మా అమ్మ ఏడ్చింది, అలాంటివాళ్ళ మధ్య ఎలా ఉంటావని. మీ వంకర జడ సంగతి చెప్పాక నిమ్మళించింది."

మర్నాడు మేడ మీద కేక లేదు. పిల్లలు కాసేపు తలలెత్తి చూసి బడికి పోయారు. బాబాయికి ఒంట్లో బాగోలేదేమోనని ఎదురింటావిడ మిరియాల పాలు కాచి పంపింది. అవి తాగడానికి కూడా ఆయనకి మొహం చెల్లలేదు. నర్సమ్మ వచ్చే వేళకి కిటికీ దగ్గర నిలబడ్డాడు. సెలూన్ ముందు ఎప్పటిలాగే "హుళక్కా" అన్నారు. ఆమె ఆగింది. ఇప్పుడు ఆమెకి తెలుసు. తెలిసి కూడా చేతులు జోడించి, "నమస్కారం అన్నా" అంది.

బాబాయి చెప్పులైనా వేసుకోకుండా దిగి వెళ్ళాడు. "ఆ పిల్లని ఇంకెప్పుడూ అలా పిలవకండిరా."

"అదేంటి బాబాయ్" అన్నాడు సెలూనతను, దువ్వెన పట్టుకుని నవ్వుతూ. "మాకు నేర్పింది నువ్వేగా."

ఆ పూట ఇంటికొచ్చి పిన్ని జడ వేస్తూ, "నీ మాట మాకెవరికీ తెలీలేదు, దానికి తెలిసింది" అని ఒక్కటే అన్నాడు. జడ ఆరోజు మరీ వంకర పోయింది.

ఆ వారంలోనే స్టూడియో నుంచి కబురొచ్చింది. వెళ్ళనని రెండుసార్లు చెప్పి, మూడోసారి వెళ్ళాడు. అక్కడ జరిగింది తరవాత ఆయనే నాకు చెప్పాడు, గుమ్మంలో కూర్చుని, నేల చూస్తూ.

రికార్డింగు మిషను దగ్గర ఉండే కుర్రాడు హుషారుగా ఉన్నాడట. టీవీలో వచ్చిన ఆ పెద్ద సినిమాకే కొత్తగా సౌండు చేస్తున్నారు. "రా అన్నా, నీదే ఆలస్యం. పాత డప్పుల కింద ఏదో మూలుగుంది, కొత్త స్పీకర్లలో చికాకుగా వినిపిస్తోంది. దాన్ని శుభ్రంగా తుడిచేస్తున్నా. నీ కేక ఒక్కటే, ఖంగుమని మోగాలి."

"ఆ మూలుగు ఒకసారి వినిపించు" అన్నాడు బాబాయి.

"అదెందుకన్నా?"

"వినిపించు తమ్ముడూ."

అతను డప్పులు తగ్గించి, మిగిలింది పెంచాడు. ముసలామె గొంతు గదంతా నిండింది. బాబాయికి ఒక్క ముక్క రాదు. అయినా జ్వరం ఎక్కడ అందో, నన్ను తీసుకుపోండి ఎక్కడ అందో తెలిసిపోయిందట. పెదాలు చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ పెదాలకి గొంతు కలిపాడో. ఆ రోజు మొదటిసారి ఆ మొహం చూశానన్నాడు.

"ఏంటన్నా, మైకు పెట్టనా?"

బాబాయి గాజు తలుపు తీసుకుని మిషను గదిలోకి వెళ్ళాడు. తనకంటే చిన్నవాడి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు తమ్ముడూ. ఒక్క సాయం చెయ్యి. ఆమెని తుడవకు. నా గొంతు తీసెయ్."